మోతి గిన్నె

వర్షము తక్కువగా కురియు ఎర్రనేలలను నమ్ముకొని జీవించు ప్రజలకు వేరుసెనగ ఒక వరము. అనంతపురము సీమలో తరతరములుగా రైతుల ఆశలన్నియు ఆ చిన్న కాయ చుట్టునే తిరుగుచున్నవి. తొలకరి చినుకులు పడగానే విత్తులు వేయుదురు. నాలుగు మాసములు గడచిన పిమ్మట చెట్లను పెరికి, వేళ్ళకు వ్రేలాడు కాయలను కోయుదురు. గింజలు సంతకును, ఇంటి వంటకును పోవును. గానుగలో తీసిన నూనె తాలింపునకు పనికివచ్చును. నూనె పిండగా మిగిలిన చెక్క పాడిపశువుల కుడితిలో కలియును. ఎండిన కట్టె ఎద్దులకు మేత యగును. పైపొట్టు సయితము పొయ్యిలోనికి చేరును. ఆ మొక్కలో వృథాగా పోవున దేదియు లేదు. రాగిసంకటిలోనికి ఊరిబిండి, దోసెలోనికి చట్నీ, వంకాయకూరలోనికి పొడి, పండుగనాడు బెల్లపుపాకముతో చుట్టిన ఉండలు—ఏ వంటకమును చూచినను అందులో వేరుసెనగ యుండును. అచ్చటివారు దానిని ‘చెనిక్కాయ’ యని చనవుగా పిలుతురు.

అట్టి సీమలో, అట్టి పంటనే పండించుకొని బ్రదుకు ఒక రైతు ఇంట పుట్టిన బాలునకు ఆ చెనిక్కాయయే విషమయ్యెను.

బాలునకు మూడవ యేడు నడచుచుండగా ఒక పండుగనాడు తల్లి వాని చేతిలో చెనిక్కాయ ఉండ నొకదానిని పెట్టెను. పావు వంతు తినెనో లేదో, వాని పెదవులు ఉబ్బెను. మెడనిండ దద్దురులు లేచెను. “దిష్టి తగిలినది” అని అవ్వ ఉప్పు, మిరపకాయలు తీసి నిప్పులలో వేసెను. కొంతసేపటికి వాపు తగ్గుటచే ఆ మాట నిజమే యని అందరును తలచిరి. నెల దినముల తరువాత చట్నీ నంజుకొని దోసె తినగా, మరల దద్దురులు, వాంతులు. అప్పుడు పట్టణములోని వైద్యుడు పరీక్షలు జరిపించి, “ఇది దిష్టి కాదు. బాలుని శరీరమునకు వేరుసెనగ సరిపడదు. రవ్వంతయు తగులనీయరాదు” అని చెప్పెను.

ఆ మాట ఇంటిలోని వంటశాలను తలక్రిందులు చేసెను. పొడి డబ్బాలు, చట్నీ రోలు, ఊరిబిండి జాడీ వంటింటినుండి తొలగిపోయెను. గానుగనూనెలో గింజలోని మాంసకృత్తులు కొంత మిగిలియుండును గనుక దానిని మాని, పొద్దుతిరుగుడు నూనె తెచ్చుకొనిరి. తండ్రి పొలములో వేరుసెనగ వేయుట మానలేదు. మానిన యెడల జీవనము సాగదు. కాని కాయలను కల్లములోనుండియే అమ్మివేయుట అలవాటు చేసికొనెను. వీరందరికంటెను పెద్ద త్యాగము చేసినది అవ్వయే. అరువదియేండ్లుగా ఊరిబిండి లేనిదే ఆమెకు సంకటి ముద్ద గొంతు దిగి యెరుగదు. మనుమని కొరకు ఆమె ఆ రుచిని ఒక్కనాటితో విడిచెను; విడిచినట్లే అందరికిని కనబడెను.

బాలునకు ఆరవ యేట ఆ ఇంటికి మోతి వచ్చెను. ఒక వానరాత్రి మేతవామి క్రింద మూలుగుచున్న కుక్కపిల్లను తండ్రి గోనెపట్టలో చుట్టి తెచ్చెను. గోధుమరంగు ఒళ్ళు, తెల్లని ముంగాళ్ళు, ఒక చెవి నిలువుగను, ఒక చెవి వంగియు నుండెడి ఆ పిల్లను చూచి బాలుడు మురిసిపోయెను. వానికి తోబుట్టువులు లేరు. పాఠశాలలో స్నేహితులున్నను, భోజనవేళ వాని పాట్లు వేరు. 2020 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజనమున వేరుసెనగ చిక్కీ చేర్చబడెను. ఎదిగెడి పిల్లలకు అది మంచి బలమే; ఈ బాలునకు మాత్రము భయము. చిక్కీ పంచిన దినమున వాడు ఇంటినుండి తెచ్చుకొన్న డబ్బా పట్టుకొని వేపచెట్టు క్రింద ఒంటరిగా కూర్చుండెడివాడు. ఆ వేళకు మోతి పాఠశాల గోడ దూకి వచ్చి వాని ప్రక్కన కూర్చుండెడిది. తోడు లేని భోజనము ఎంత చప్పగ నుండునో తెలిసినవారికి ఆ కుక్క విలువ తెలియును.

బాలుని ఎనిమిదవ యేట, కార్తిక మాసములో ఒక సాయంకాలము వాడు బడినుండి వచ్చెను. మోతి ఎదురువచ్చి, ఎగిరి, వాని చేతులను, చెక్కిళ్ళను ఆబగా నాకెను. తల్లి జొన్నరొట్టెయు, పప్పును పెట్టగా వాడు చేతులు కడుగుకొనకయే ఆకలితో తినెను. పావుగంట గడువకమునుపే వాని చెంపలపై దద్దురులు లేచెను. తరువాత పెదవులు ఉబ్బెను. తల్లి ఇంటిలోనున్న దురదమాత్ర వేసి, తగ్గునేమో యని చూచుచు కూర్చుండెను. దురద కొంచెము తగ్గినట్లే యుండెను గాని, గొంతు బొంగురుపోయెను; దగ్గు వచ్చెను; వాంతి యయ్యెను; ఊపిరి పీల్చునప్పుడు పిల్లనగ్రోవి ఊదినట్లు సన్నని శబ్దము వినబడెను. తండ్రి 108 వాహనమునకు ఫోను చేసెను. వైద్యశాలకు చేరునప్పటికి బాలుని ముఖము పాలిపోయి, కన్నులు మూతపడుచుండెను. వైద్యుడు ఒక్క నిమిషమైనను ఆలసింపక వాని తొడ వెలుపలి కండరమునకు ఎడ్రినలిన్ సూది వేసెను. కొలది నిమిషములలో ఊపిరి కుదుటబడెను. అట్టి దాడి కొన్ని గంటలకు మరల తిరుగబెట్టుట కలదు గనుక, ఆ రాత్రియంతయు వానిని అచ్చటనే ఉంచిరి.

ప్రాణము నిలిచినది. కాని ప్రశ్న మిగిలినది. రొట్టెలో చెనిక్కాయ లేదు, పప్పులో లేదు, నూనెలో లేదు. మరి ఎచ్చటినుండి వచ్చినది?

ఉదయమున వైద్యుడు బాలుని మంచముచెంత కూర్చుండి ఒక్కొక్కటియే అడిగెను. పిండి ఏ మరలో ఆడించిరి? ఆ దినము ఇంటికి ఎవరు వచ్చిరి? వాడు బడిలో ఎవరి ప్రక్కన కూర్చుండెను? వేనికిని జవాబు దొరకలేదు. చివరకు ఆయన, “ఇంటిలో కుక్కగాని, పిల్లిగాని కలదా?” యని అడిగెను.

“మోతి యున్నది” అని బాలుడు నీరసముగ పలికెను.

“అది ఏమి తినును?”

“అన్నము, మజ్జిగ. మేము దానికి వేరేమియు పెట్టము” అని తల్లి చెప్పెను.

గోడప్రక్కన కూర్చున్న అవ్వ తల వంచుకొనెను. ఆమె చేతులు వణకుచుండెను. కొంతసేపు పలుకక, పిమ్మట పైటచెంగు నోటికి అడ్డము పెట్టుకొని, “అయ్యా! తప్పు నాదే. వారమునకు ఒకటి రెండు మారులు పొరుగింటికి పోయి సంకటిలో ఊరిబిండి నంజుకొని తినుచుంటిని. తిని, చేతులు కడుగుకొనియే ఇంటికి వచ్చుచుంటిని. మిగిలిన ముద్దను పారవేయుటకు మనసొప్పక పెరటివాకిట మోతికి వేయుచుంటిని. బిడ్డకు పెట్టుట లేదు గదా, నోరులేని జీవికే గదా యని తలచితిని. నిన్నయు పెట్టితిని” అనెను.

ఎవరును ఏమియు అనలేదు. ఆ మౌనము అవ్వకు మాటలకంటె ఎక్కువ బాధ కలిగించెను. వైద్యుడే ముందుగా పలికెను: “అవ్వా! మీరు దాచిన మాట చెప్పితిరి గనుకనే ఈ బిడ్డను ఇకముందు కాపాడుకొనగలము. తెలియక చేసినదానికి కుమిలిపోవలదు. తెలిసిన తరువాత ఏమి చేయుదుమనునదే ముఖ్యము.”

తరువాత ఆయన వారికి విషయమును విడమరచి చెప్పెను. మానవశరీరములో శత్రువులను గుర్తించి పోరాడు రక్షణ వ్యవస్థ యొకటి కలదు. సూక్ష్మజీవులు ప్రవేశించినపుడు అది మేలు చేయును. కాని కొందరి శరీరములో అది మిత్రుని శత్రువుగా పొరబడును. గ్రుడ్డులోనో, పాలలోనో, చేపలోనో, వేరుసెనగలోనో యున్న మాంసకృత్తును చూచి శత్రువు వచ్చెనని ఆయుధములు దూయును. ఆ తొందరలో వెలువడిన హిస్టమిన్ మున్నగు పదార్థములే దద్దురులకును, వాపునకును, ఊపిరి బిగియుటకును కారణములు. వియన్నా నగరమునకు చెందిన శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906 లో ‘ఎలర్జీ’ యను పదమును కల్పించెను. ఈ పొరపాటును నడిపించు ‘ఇమ్యునోగ్లోబులిన్ ఇ’ యను పదార్థమును 1960 దశకము చివర జపాను దేశీయులైన ఇషిజాకా దంపతులు అమెరికాలోను, మరికొందరు శాస్త్రజ్ఞులు స్వీడను దేశములోను వేర్వేరుగా కనుగొనిరి.

ఈ కథలో కుక్కకును ఒక పాత్ర కలదు. 1901 లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనువారు మొనాకో పాలకుని ఓడపై సముద్రయానము చేసి, సముద్రజీవుల విషమును పరిశీలించిరి. తరువాత పారిస్ నగరములో కుక్కలకు ఆ జాతి విషమును స్వల్పముగా ఎక్కించి, వానికి తట్టుకొను శక్తి కలుగునేమో యని చూచిరి. కలిగినది అందుకు విరుద్ధము. మొదటి మారు కోలుకొన్న కుక్కకు కొన్ని వారముల తరువాత అత్యల్పముగా మరల ఎక్కించగా అది కొలది నిమిషములలో కూలిపోయెను. రక్షణకు విరుద్ధమైన స్థితి యను అర్థము వచ్చునట్లు దీనికి వారు 1902 లో ‘ఎనఫిలాక్సిస్’ అని పేరిడిరి. రిషేకు 1913 లో నోబెల్ బహుమానము లభించెను. నేడు పిల్లల ప్రాణములను కాపాడు జ్ఞానమునకు ఆనాడు ప్రాణములు కోల్పోయిన మూగజీవములు పునాదిగా నున్నవి.

ఇంటికి వచ్చిన పిమ్మట అసలు చిక్కు ఎదురయ్యెను. పరామర్శకు వచ్చిన బంధువులందరిది ఒకే మాట: “కుక్కను పంపివేయుడు. బిడ్డకంటె కుక్క ఎక్కువా?” తండ్రికిని అదే న్యాయమని తోచెను. మేనమామ ఊరిలో మోతిని విడిచివచ్చుటకు ఆదివారము నిశ్చయమయ్యెను. బాలుడు మారాము చేయలేదు, ఏడువలేదు. ఆ రాత్రి భోజనమువేళ మెల్లగా, “నాయనా! అది చేసిన తప్పేమి? పెట్టినది తినినది. ప్రేమతో నన్ను నాకినది” అనెను. ఆ మాట విని అవ్వ, “ఈ ఇంటినుండి ఒకరు పోవలసియుండిన, పోవలసినది నేను, మోతి కాదు” అని కన్నీరు పెట్టుకొనెను.

మూడవనాడు మరల వైద్యుని చూడబోయినపుడు తండ్రి ఈ సంగతి చెప్పెను. వైద్యుడు కొంచెము ఆలోచించి ఇట్లనెను: “కుక్క వెండ్రుకలు సరిపడని పిల్లలు కొందరు కలరు. మీ బాలుడు అట్టివాడు కాడు. వానికి కీడు చేసినది కుక్క కాదు. కుక్క నోటికి అంటిన ఆహారము. ఆ రెంటిని వేరు చేయుట సాధ్యమే. కాని అది ఒకనాటి పని కాదు. ప్రతిదినమును, ఏమరుపాటు లేకుండ, ఇంటిలో ప్రతియొక్కరును చేయవలసిన పని. చేయగలమను నమ్మకమున్నచో ఉంచుకొనుడు. లేనిచో దానిని మంచివారి ఇంటికి పంపుడు. అందులో సిగ్గుపడవలసినది లేదు. మీ కుటుంబమును గూర్చి మీకే తెలియును.”

ఆ ఇంటివారు ఒక నెల గడువు పెట్టుకొనిరి. ఆ నెల దినములు మోతి పెరటిలోనే యుండవలెను. బాలుడు దానిని దూరమునుండియే చూడవలెను.

మొదట తల్లి ఒక పని చేసెను. ఒకనాడు తెల్లవారినది మొదలు చీకటిపడువరకు మోతి వెంట తిరిగి, అది ఎక్కడెక్కడ నోరు పెట్టునో కనిపెట్టెను. ఆమె లెక్కకు ఐదు చోట్లు తేలెను. ఒకటి, గేదెల కుడితితొట్టి. అందులో వేరుసెనగ చెక్క నానుచుండును. రెండు, కొట్టములోని చెక్క గోనె. దాని మూలను ఎలుకలు కొరికియుండెను. మూడు, కల్లమువద్ద పొట్టుకుప్ప. నాలుగు, పొరుగింటి గడప. ఐదు, వీధిలో పిల్లలు విసరివేయు తినుబండారములు. అవ్వ పెట్టిన ముద్ద ఒక్కటియే కారణమని అందరును తలచుచుండగా, ప్రమాదము ఇన్ని మూలలందు పొంచియుండెనని ఆనాడు తెలిసెను. అవ్వ మనసులోని బరువు కొంత తగ్గినది కూడ ఆనాడే.

తండ్రి కుడితితొట్టికి బల్లమూత చేయించెను. చెక్కను మూతగల ఇనుప డ్రమ్ములో పోయించెను. పొట్టుకుప్ప చుట్టు ముళ్ళకంప నాటించెను. పొరుగింటివారికిని, వీధిపిల్లలకును తల్లియే పోయి సంగతి వివరించెను. మోతికి పట్టణమునుండి బిస్కత్తుల పొట్లము తెచ్చినపుడు, బాలుడే దానిపై అచ్చుపడిన అక్షరములను కూడబలుకుకొని చదివి, అందులో వేరుసెనగ యున్నదని కనిపెట్టెను. మనుష్యులు తిను పొట్లములపై వేరుసెనగ, పాలు, గ్రుడ్లు, చేపలు, సోయా మొదలగువాని పేర్లు స్పష్టముగా ముద్రింపవలెనని మన దేశములో 2020 నాటి ఆహార నియమములు చెప్పుచున్నవి. జంతువుల ఆహారపు పొట్లముపై అట్టి హెచ్చరిక తప్పక యుండునని నమ్ముకొనరాదు. పదార్థముల పట్టికను తుదివరకు చదువవలయును. ఆ పొట్లము ఆనాడే తిరిగి అంగడికి పోయెను. మోతి ఆహారమునకు అన్నము, సంకటి, పెరుగు, ఉడికించిన గ్రుడ్డు నిర్ణయింపబడెను. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెటు అను మూడును కుక్కలకు కీడు చేయునవి గనుక వానిని దరిచేరనీయలేదు.

మోతి గిన్నెను గూర్చిన భారమంతయు అవ్వ తనమీద వేసికొనెను. ఒక సత్తుగిన్నెకు ఎర్రదారము కట్టి, పెరటిగోడకు మేకు కొట్టి తగిలించెను. ఆ గిన్నె ఇంటి పాత్రలతో కలియరాదు. దానిని తోము పీచు వేరు. అది తోముచోటు వేరు. మోతి తినగానే తడిగుడ్డతో దాని మూతి తుడిచెడిది ఆమెయే. ఆమె అనుమతి లేనిదే ఆ ఇంటిలో ఎవరును కుక్కకు ఒక్క మెతుకు పెట్టరాదు.

బాలునకు ఏర్పడిన నియమములు నాలుగు. మోతిని ముఖము నాకనీయరాదు. దానిని తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొననిదే ఏమియు తినరాదు. ఉత్తనీటితో తడిపిన చేతినుండి వేరుసెనగ మాంసకృత్తు పూర్తిగా పోదు. చేతులపై రాచుకొను క్రిమినాశక ద్రవమును నమ్మరాదు. అది క్రిములను చంపునే గాని ఆ మాంసకృత్తును తొలగింపదు. పడకమీదికి మోతిని రానీయరాదు. ఒంటిలో ఏ కొంచెము తేడా తోచినను, దాచక వెంటనే పెద్దలకు చెప్పవలెను.

పెద్దలకును పాఠములు తప్పలేదు. దురదమాత్ర దద్దురులను తగ్గించునే గాని బిగిసిన ఊపిరిని విప్పలేదని, అట్టి స్థితిలో ఎడ్రినలిన్ ఒక్కటియే ప్రాణరక్షకమని వారు తెలిసికొనిరి. బాలుని బరువును బట్టి వైద్యుడు మోతాదు వ్రాసియిచ్చి, తొడకు సూది వేయు విధమును తల్లిదండ్రులిద్దరికిని నేర్పెను. ఆ మందు ఎండకును, వెలుతురునకును పాడగును. వేసవిలో నిప్పులు కురియు ఆ సీమలో దానిని చల్లని చీకటిచోట భద్రపరచి, గడువు తేదీని నెలకొకసారి చూచుకొనుట తండ్రి వంతయ్యెను. సూది వేసిన పిమ్మటను వైద్యశాలకు పోవలసినదే, దారిలో బాలుని నడిపింపరాదు, పడుకొనబెట్టి కాళ్ళు ఎత్తుగా నుంచవలెను, ఊపిరాడనిచో కూర్చుండబెట్టవలెను. ఇవన్నియు వ్రాసిన కాగితము ఒకటి వంటింటి గోడపైనను, మరియొకటి ప్రధానోపాధ్యాయుని బల్లసొరుగులోను ఉండెను.

నెల గడచెను. తొట్టి మూత ఒక్కనాడును తెరచియుండలేదు. గిన్నె తన మేకును విడువలేదు. తండ్రి పెరటితలుపు గడియ తీసెను. మోతి పరుగెత్తివచ్చి బాలుని కాళ్ళచుట్టు తిరిగెను. వాడు వంగి దాని వీపు నిమిరి, లేచి తిన్నగా సబ్బు కొరకు పోయెను. అది చూచి తల్లి నవ్వెను. ఆ ఇంటిలో నవ్వు వినబడుట ఆ నెలలో అదే మొదటిసారి.

అయినను ఎన్ని మూతలు పెట్టినను లోకమునకు మూత పెట్టలేము గదా! మరుసటి సంవత్సరము ఉగాదినాడు వీధిలో చుట్టములు, స్నేహితులు కిటకిటలాడుచుండిరి. పొరుగూరినుండి వచ్చిన చిన్నపిల్ల యొకతె, ఏమియు ఎరుగక, తన చేతిలోని చెనిక్కాయ ఉండను మోతికి విసరెను. మోతి దానిని గాలిలోనే అందుకొని మ్రింగెను. పిమ్మట సంతోషము పట్టలేక, అరుగుమీద నిలిచియున్న తన నేస్తమువైపు దూసుకొనివచ్చెను.

బాలుడు చూచెను. ఎప్పుడును చేతులు చాచి ఎదురుపోవు ఆ బాలుడు ఒక్కడుగు వెనుకకు వేసెను. ఇంటిలోనికి పోయి తలుపు మూసి, “అవ్వా! మోతి చెనిక్కాయ తినినది!” అని కేక వేసెను.

మోతికి ఏమియు అర్థము కాలేదు. తలుపును గోకెను, కుయ్యుకుయ్యుమని మూలిగెను, వంగిన చెవిని మరింత వంచుకొని గడపమీద తల ఆనించెను. తలుపునకు ఈవల బాలుడు అరచేతిని చెక్కకు ఆనించి నిలిచియుండెను. వాని కన్నులు చెమ్మగిల్లెను. కాని గడియపై వాని చేయి పడలేదు. అవ్వ వచ్చి మోతిని పెరటి స్తంభమునకు కట్టి, సబ్బునీటితో దాని మూతిని, ముంగాళ్ళను కడిగెను; అది నాకిన తలుపును, గడపను తుడిచెను; తుడిచిన గుడ్డను వేడినీటిలో వేసెను; తానును స్నానము చేసి చీర మార్చుకొని వచ్చెను. ఆనాడు బాలుడు మోతి దగ్గరకు పోలేదు. మరునాటి ఉదయమున మోతి తన గిన్నెలో సంకటి తిని, మూతి తుడిపించుకొన్న తరువాతనే వారిరువురును కలిసికొనిరి.

ఆ రాత్రి పడకమీద బాలుడు, “అవ్వా! నేను తలుపు వేసితినని మోతి కోపగించినదా?” యని అడిగెను.

“లేదు నాయనా! నీవు తలుపు తీసియుండిన నీకు ఏమగునో మనకు తెలియును. నీకు ఏదైన అయియుండిన, ఈ ఇంటిలో మోతికి చోటుండునా? నీవు దానిని వెలివేయలేదు, కాపాడుకొంటివి” అని అవ్వ వాని తల నిమిరెను.

అవ్వ నేటికిని అప్పుడప్పుడు పొరుగింటికి పోయి ఊరిబిండితో సంకటి తినుచున్నది. అది ఇప్పుడు రహస్యము కాదు. “అత్తా! ఈ దినము పోయి తిని రమ్ము” అని కోడలే పంపుచుండును. తిన్న తరువాత ఆమె మిగిలిన ముద్దను అచ్చటనే గేదెకు వేసి, పండ్లు తోముకొని, చేతులు సబ్బుతో కడిగి, ఇంటికి వచ్చి చీర మార్చుకొని, అటుపిమ్మటనే మనుమని పిలుచును. దాచుకొన్న కోరిక ఒకనాడు ఆ ఇంటికి ప్రాణము మీదికి తెచ్చెను. దానినే అందరియెదుట చెప్పుకొన్నపుడు ఒక చిన్న నియమముగా మారి అణగిపోయినది.

పెరటిగోడకు ఎర్రదారము కట్టిన సత్తుగిన్నె నేటికిని వ్రేలాడుచున్నది. క్రొత్తగా వచ్చిన వారు దానిని చూచి, కుక్కకు ఇంత మడియా యని నవ్వుదురు. ఆ ఇంటివారు కోపగింపరు. వారిని కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొదట చేతులు కడిగించి, తరువాత ఆ గిన్నె కథ చెప్పుదురు.